కాలనీ చెరువులో గుర్రపుడెక్క తీస్తే తాబేళ్లు, కొంగలు తిరిగొస్తాయా?

ప్రశ్న: విజయవాడలో బుడమేరు వైపు మా కాలనీ పక్కన మూడెకరాల చెరువు ఉంది. నిండా గుర్రపుడెక్క. మే నెలలో పొక్లెయిన్ పెట్టి ఒకేసారి లోతు చేయిద్దామని చందాలు వేసుకున్నాం. సరైన పనేనా?

జవాబు: దయచేసి మే నెలలో పొక్లెయిన్ దించకండి. మన చెరువుల్లో ఉండే మెత్తటి డిప్ప తాబేలు నీళ్లు తగ్గగానే బురదలో దూరి, వాన పడేదాకా అక్కడే ఉంటుంది. పైకి ఖాళీగా కనిపించే ఎండు చెరువులోనే అవి ఉంటాయి. బకెట్ ఒక్కసారి దిగితే చాలు, బురదతో పాటే లారీ ఎక్కుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది.

అసలు మొదలు పెట్టాల్సింది మురుగు దగ్గర. ఉదయం 6 నుంచి 9 మధ్య, ఇళ్లలో నీళ్లు ఎక్కువ వాడే వేళ, కట్ట చుట్టూ తిరిగి ఎన్ని తూములు చెరువులోకి పారుతున్నాయో లెక్కపెట్టండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి పరీక్ష అప్పుడే చేయాలి. చేపలు, వన్యప్రాణులు బతికే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు లీటరుకు 4 మిల్లీగ్రాములు. మురుగు మళ్లించకుండా డెక్క మాత్రం తీసేస్తే, అది తాగే ఎరువంతా పచ్చటి నాచుకు దొరుకుతుంది. ఆ తర్వాత చేపలు చచ్చి తేలే ప్రమాదం ఉంది.

ఇక డెక్క సంగతి. ఒత్తుగా పెరిగిన చోట చదరపు మీటరుకు 20 నుంచి 40 కిలోలు తూగుతుంది. అంటే ఎకరానికి 80 నుంచి 160 టన్నులు. మూడెకరాలకు తక్కువలో తక్కువ 240 టన్నులు, మూడు టన్నుల ట్రాక్టరు ట్రక్కుతో 80 ట్రిప్పులు. అందులో 90 శాతానికి పైగా నీళ్లే కనుక కట్ట అవతల వారం ఆరబెట్టి తరలిస్తే కిరాయి బాగా తగ్గుతుంది. కట్ట లోపలి వైపు మాత్రం కుప్ప వేయకండి, కుళ్లిన రసం మళ్లీ చెరువులోకే దిగుతుంది. వెదురు బొంగులు, నైలాన్ తాడుతో చెరువును భాగాలు చేసి, గాలి ఏ మూలకు తోస్తే ఆ మూల లాగించండి. డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. వానాకాలంలో నీటికోళ్లు, జకానాలు (పొడవాటి వేళ్లతో ఆకుల మీద నడిచే పక్షులు) దాని మీదే గూళ్లు కడతాయి. మందు కొట్టవద్దు: చచ్చిన డెక్క అడుగున కుళ్లి ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. గింజలు 15 ఏళ్ల తర్వాత కూడా మొలవగలవు, వేడిలో మొక్కలు రెండు వారాల్లో రెట్టింపవుతాయి. కాబట్టి చందాలో సగమైనా తర్వాతి ఏరివేతకు దాచండి, పదిహేను రోజులకోసారి తప్పదు. ఒక ఒడ్డున జమ్ము కొంత వదిలేయండి, పక్షులకు చాటు. ఫ్యాక్టరీ మురుగు కలిసిన చెరువు డెక్కతో చేసిన కంపోస్టు కూరగాయలకు వాడకూడదు.

పూడిక ఏడాదికి మూడో వంతే తీయించండి, అదీ నీళ్లుండగా ఫిబ్రవరిలో. మట్టి అడ్డుకట్ట వేసి ఆ భాగం తోడితే తాబేళ్లు కంటపడతాయి; అటవీ శాఖకు ముందే చెప్పి, వాళ్ల సమక్షంలో పక్క భాగంలోకి వదలాలి. తీసిన బురదను పలచగా పరిచి చూశాకే లారీకెత్తండి. లోతు కన్నా వాలు ముఖ్యం: మీటరు లోతుకు కనీసం 5 మీటర్ల వాలు. కొంగలు మేసేది మోకాలి లోతు లోపే. కట్ట లోపలి వైపు రాళ్లు పేర్చి రివిట్‌మెంట్ కడితే తాబేలు గుడ్లు పెట్టడానికి కట్ట ఎక్కలేదు. వేసవిలో చేపలకు ఒక మూల రెండు మీటర్ల గుంట చాలు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువు చూడండి. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు నీళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి, కుక్కలూ మనుషులూ అందుకోలేని చోటు. మీరూ పూడికమట్టితో నడుమ దిబ్బ వేసి నల్లతుమ్మ నాటండి. మూడెకరాల చెరువుకు పెలికాన్లు గూటికి రావడం కష్టం. ముందుగా గుడ్డికొంగలు, నీటికాకులు వస్తాయి. దిబ్బ వైపు లైట్లు వద్దు. దోమల కోసం గంబూసియా, తిలాపియా చేపలు వదలవద్దు, కప్పపిల్లలు మిగలవు. ఇంట్లో పెంచుకున్న ఎర్రచెవుల తాబేలునూ అందులో వదలవద్దు.