టెస్టోస్టెరాన్ తక్కువ వచ్చింది, ఇంజెక్షన్ వేయించుకోవాలా? ముందు ప్రొలాక్టిన్ చూడండి, రోజూ వేసుకునే మాత్రలు చూడండి

రావులపాలెం తమ్ముడి ప్రశ్న ఇది. వయసు 36, కొన్ని నెలలుగా బుర్ర మొద్దుబారినట్టు ఉంటోంది, మాట్లాడుతూ మాట్లాడుతూనే పేర్లు మర్చిపోతున్నారు, భార్య మీద ప్రేమ ఉంది గానీ కోరిక కలగడం లేదు. ప్యాకేజీ టెస్టులో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 280 వచ్చింది, జిమ్‌లో ఇంజెక్షన్ మొదలుపెట్టమన్నారు, ఇంకోపక్క రెండో బిడ్డ కోసం చూస్తున్నారు.

సూటిగా చెప్తాను, ఇప్పుడు ఇంజెక్షన్ జోలికి వెళ్లకండి. బిడ్డ కావాలనుకుంటున్నప్పుడు అసలే వద్దు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే, ఒంట్లో సరిపడా ఉంది కదా అని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది. ఆ రెండూ అందకపోతే వృషణాల్లో వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరికి కౌంట్ సున్నాకి కూడా వచ్చేస్తుంది. ఆపేశాక చాలామందికి మళ్లీ వస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా దాటుతుంది. ఇంజెక్షన్ అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు, అందుకే ముందుగా ఇదే రాస్తున్నాను.

నాది ఆకివీడు దగ్గర ఊరు, వనామీ రొయ్యల చెరువులు చేస్తాను. నాకూ అచ్చం మీలాగే మొదలైంది. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తాం కదా, చూసి, ట్రేని నీళ్లలోకి దించి, పుస్తకంలో రాద్దామని పెన్ను తీసేసరికి ఏం చూశానో గుర్తుండేది కాదు. మళ్లీ తాడు లాగేవాడిని. చెరువు మీద ఉండే కుర్రాడు "ఇందాకే చూశారు కదండీ" అనేవాడు. రాత్రి ఇంటికెళ్తే కోరిక అనేదే లేదు, అంగస్తంభన సమస్య అని కాదు, అసలు ఆ ఆలోచనే వచ్చేది కాదు. రొయ్యల రేటు పడిపోయిన రోజులు కాబట్టి అప్పుల టెన్షనేమో అని మా ఆవిడ పైకి ఏమీ అడగలేదు, లోపల బాధపడింది.

మొదట చూపించుకున్న చోట సాయంత్రం పూట రక్తం తీశారు, టెస్టోస్టెరాన్ ఒక్కటే చూశారు, తక్కువ వచ్చిందని ఇంజెక్షన్ రాసేశారు. కాకినాడలో ఫార్మసీ చేసిన మా అక్క కొడుకు "ఆగు మావయ్యా, ముందు హార్మోన్ల డాక్టర్‌కి చూపించు" అని ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరమ్మ రిపోర్టులో నంబర్ కంటే ముందు రక్తం తీసిన టైమ్ చూశారు. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. చెరువులో ఆక్సిజన్ ఏ వేళ చూశామన్నది రాయకుండా రీడింగ్ ఒక్కటే చెప్తే ఎలా పనికిరాదో, ఇదీ అంతే.

తర్వాత వాడుతున్న మాత్రలన్నీ చూపించమన్నారు. బీపీ లేదు, షుగర్ లేదు, ఏమీ వాడటం లేదండి అంటే, "గ్యాస్‌కి కూడా ఏమీ లేదా?" అని అడిగారు. ఉంది. మా వైపు గ్యాస్ బిళ్లని మందు అని ఎవరంటారు చెప్పండి, రాసిచ్చినవాళ్లు కూడా ఎప్పుడు ఆపాలో చెప్పలేదు, చాలా నెలలుగా పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నదే. ఆవిడ స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివారు: రాబెప్రజోల్ 20, లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు. గొడవంతా ఆ రెండోదానితోనే.

ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మామూలుగా బాలింతల్లో పాలు పడటానికి పనిచేస్తుంది, మగవాళ్లలోనూ కొంచెం ఉంటుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాన్ని అదుపులో పెడుతుంది. లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటివి ఆ డోపమైన్‌ని అడ్డుకుంటాయి, దాంతో ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అది పెరిగితే ఎల్‌హెచ్ తగ్గుతుంది, ఎల్‌హెచ్ తగ్గితే టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, కోరిక పోతుంది. నాకు ప్రొలాక్టిన్ 70 దాటింది, ఆ ల్యాబ్‌లో మగవాళ్లకి 15 లోపు ఉండాలి. ఆవిడ ఆ క్యాప్సూల్ ఆపించి, గ్యాస్‌కి వేరేది ఇచ్చి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయిస్తే మామూలుకి వచ్చేసింది. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ లేకుండానే 240 నుంచి 430కి పెరిగింది. పాత మందు చీటీతోనే ఇంజెక్షన్ మొదలుపెట్టి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇక మీరు చేయించాల్సినవి. టోటల్ టెస్టోస్టెరాన్ ఉదయం 7 నుంచి 10 లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు. అమెరికా యూరాలజీ సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపుంటే తక్కువ అంటుంది, అదీ రెండుసార్లూ అలాగే వచ్చి, లక్షణాలు కూడా ఉంటేనే. జ్వరంలో ఉన్నప్పుడు చేయించకండి, తక్కువగా చూపిస్తుంది. కొన్ని ల్యాబులు మిల్లీలీటరు లెక్కన 2.8 అని రాస్తాయి, అది చూసి కంగారుపడకండి, 280 అన్నా అదే. దాంతోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. పొట్ట ఉన్నా షుగర్ ఉన్నా ఎస్‌హెచ్‌బీజీ కూడా అడగండి, రక్తంలో టెస్టోస్టెరాన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్ అది, అది తగ్గితే టోటల్ తక్కువ కనిపిస్తుంది గానీ ఒంటికి అందేది సరిపడానే ఉండొచ్చు. బుర్ర మబ్బుగా ఉండటానికి బీ12 లోపం, రక్తహీనత, థైరాయిడ్, షుగర్ కూడా కారణాలే కాబట్టి అవీ ఒకేసారి చూపించుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, హార్మోన్ రీడింగులు తారుమారవుతాయి, కనీసం రెండు రోజుల ముందే ఆపమంటారు.

టెస్టోస్టెరాన్ తక్కువై ఎల్‌హెచ్ బాగా పెరిగి ఉంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి అక్కడ వాచినవాళ్లకి అలా కావచ్చు. ఎల్‌హెచ్ కూడా తక్కువగానో మామూలుగానో ఉంటే చూడాల్సింది పిట్యూటరీ వైపు. మందుల వల్ల కాకుండా ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉండిపోతే అక్కడ గడ్డ ఉందేమో అని ఎంఆర్‌ఐ తీస్తారు. చాలామందికి అది ఆపరేషన్ లేకుండా కాబర్గోలిన్ మాత్రలతోనే తగ్గిపోతుంది, భయపడక్కర్లేదు. కానీ విడవని తలనొప్పి ఉన్నా, బండి మీద వెళ్తుంటే పక్కల నుంచి వచ్చేవి కనపడకపోతున్నా, రొమ్ముల నుంచి నీరులా కారినా మాత్రం ఆలస్యం చేయకండి.

ఒకటి ఒప్పుకోవాలి, మందు మార్చాక నాకు కోరిక తిరిగొచ్చింది గానీ బుర్ర పూర్తిగా తేరుకోలేదు. నిద్ర లేకపోవడం దానికి కారణం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరేటర్ల చప్పుడు వింటూ కునికిపాట్లు పడేవాడిని. టెస్టోస్టెరాన్ ఎక్కువగా తయారయ్యేది నిద్రలోనే అని ఆవిడ చెప్పారు. కుర్రాడితో రాత్రులు వంతులేసుకున్నాకే తేడా తెలిసింది. మీరు గురక పెడతారేమో ఇంట్లో అడగండి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకీ ఈ రెండు లక్షణాలూ ఉంటాయి. మనసు కుంగిపోయినా ఇలాగే ఉంటుంది, దానికి వేరే వైద్యం ఉంది, అది చెప్పుకోవడానికి మొహమాటపడొద్దు. ఆ మందులు ఇప్పటికే వాడుతుంటే మాత్రం, కొన్ని కోరిక తగ్గించేవే అయినా, మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, ప్రొటీన్ డబ్బా, "పవర్" క్యాప్సూళ్లు, ఆయుర్వేదం అన్నీ. మీ భార్యని కూడా తీసుకెళ్లండి, మీరు మర్చిపోయినవి ఆవిడ చెప్తారు. రెండో బిడ్డ సంగతి ముందే చెప్పి వీర్య పరీక్ష కూడా చేయించుకోండి, దానికి 2 నుంచి 7 రోజులు వీర్యం బయటికి పోకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి.