గులాబీ రంగు చంద్రకాంత విత్తనం మూడు రంగులుగా ఎందుకు విడిపోతుంది?

సందేహం: ఎరుపు, తెలుపు చంద్రకాంతలు పక్కపక్కనే ఉన్న మడిలో కొన్ని మొక్కలు గులాబీ రంగు పూలు పూశాయి. వాటి విత్తనాన్నే విడిగా దాచి వేస్తే గులాబీతో పాటు ఎరుపు, తెలుపు కూడా వచ్చాయి. విత్తనం కల్తీ అయిందా? అన్నీ గులాబీ రంగులోనే రావాలంటే ఏం చేయాలి?

సలహా: మీ విత్తనంలో కల్తీ జరిగిందని అనుకోనవసరం లేదు. పూల రంగును నిర్ణయించే జన్యువుకు ప్రతి మొక్కలోనూ రెండు ప్రతులుంటాయి. ఒకటి పుప్పొడి ద్వారా, మరొకటి అండం ద్వారా సంక్రమిస్తుంది. చంద్రకాంతలో రెండు ప్రతులూ ఎరుపువైతే పువ్వు ఎర్రగానూ, రెండూ తెలుపువైతే తెల్లగానూ ఉంటుంది. ఒక్కొక్కటి చొప్పున ఉన్నప్పుడు ఆ ఒక్క ఎరుపు ప్రతి వల్ల తయారయ్యే వర్ణకం చాలక పువ్వు గులాబీ రంగుకు దిగుతుంది. దీనినే అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు. అటువంటి మొక్క తన పుప్పొడితోనే గింజ కట్టినప్పుడు సంతానంలో సుమారు పావు వంతు ఎరుపు, సగం గులాబీ, పావు వంతు తెలుపు వస్తాయి. పది మొక్కలే వేస్తే ఈ లెక్క అంత చక్కగా కుదరకపోవచ్చు.

కాబట్టి ఎన్నేళ్లు ఏరి దాచినా గులాబీ రంగు విత్తనం ద్వారా స్థిరపడదు. ఎరుపు, తెలుపు మాత్రం పరాయి పుప్పొడి సోకనంత కాలం అదే రంగులో వస్తాయి.

బఠాణీలో సంగతి వేరు. వంశపారంపర్య సూత్రాలను కనుగొన్న శాస్త్రవేత్త మెండెల్ 1866లో ప్రచురించిన ప్రయోగాలలో, ఊదా, తెలుపు పూల మొక్కలను సంకరపరచగా రెండో తరంలో 705 ఊదా, 224 తెలుపు మొక్కలు వచ్చాయి. అక్కడ ఒక్క ఊదా ప్రతే పూర్తి రంగునిస్తుంది గనుక తెలుపును లోపల దాచుకున్న మొక్కను చూసి గుర్తించలేము. ఆ విధంగా చూస్తే మీ పని సులువు, ఎందుకంటే మిశ్రమ మొక్క తన రంగుతోనే బయటపడుతుంది.

గులాబీ రంగే కావాలంటే ఆ మొక్కల దుంపవేళ్లను తీసి నాటుకోవడం మేలైన మార్గం. విత్తనమే కావాలనుకుంటే, సాయంత్రం విచ్చుకోబోయే ఎర్ర మొగ్గను ముందుగానే విప్పి, పుప్పొడి ఉండే కేసరాలు తొలగించి, తెల్ల పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే కొసకు) అద్ది కాగితపు సంచి తొడగాలి. ఒక్కో పువ్వుకు ఒక్క గింజే కడుతుంది కనుక ఇది ఓపికతో కూడిన పని. మడిలో పసుపు లేదా చారల పూలు ఉంటే పై లెక్క వర్తించదు. ఆ మొక్కలను సంకరానికి వాడకండి.