ఒక్కసారి మునిగితే పోయేదేముంది?

ప్రశ్న: మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మూడేళ్ళ కిందట ఒంగోలులో ఒక బాప్టిస్టు కుటుంబానికి కోడలిగా వచ్చాను. బిషప్‌గారి అనుమతితో పెళ్ళి మా గుళ్ళోనే జరిగింది. ఇప్పుడు మా అత్తగారూ వాళ్ళ పాస్టరుగారూ నా జ్ఞానస్నానం చెల్లదంటున్నారు. పసిబిడ్డ నెత్తిన చెంబెడు నీళ్ళు పోస్తే అది బాప్తిస్మం కాదట. నీళ్ళలో నిండా ముంచే ముంపు బాప్తిస్మం తీసుకుంటేనే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, చెయ్యి వెయ్యనిస్తారట. నెల మొదటి ఆదివారం ఆ చిన్న గ్లాసుల పళ్ళెం నా ఒడి మీదుగా పక్కావిడ చేతిలోకి వెళ్ళిపోతుంది. ఇంటికొచ్చాక అందరికీ వడ్డించి, చివరికి వంటింట్లో ఒక్కదాన్నే తిని ఏడుస్తాను. అయినా వాళ్ళది ఉత్త ద్రాక్షరసమే కదా! మావారేమో ‘అమ్మ కోసం ఒక్కసారి మునిగితే పోయేదేముంది’ అంటారు. ఏడు నెలల బాబుకు ఇక్కడెవరికీ చెప్పకుండా పుట్టింట్లో జ్ఞానస్నానం ఇప్పించేద్దామని మా అమ్మ పట్టుబడుతోంది. అసలు ఏది నిజమైన బాప్తిస్మం? మళ్ళీ తీసుకుంటే పాపమా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఏది నిజమైన బాప్తిస్మం అన్నది ముందు తేల్చి పక్కన పెట్టేద్దాం. మీ ఏడుపు దాని గురించి కాదు.

మీ గుడి లెక్కలో మీ జ్ఞానస్నానం చెల్లింది. నీళ్ళతో, పిత పుత్ర పవిత్రాత్మ నామాన ఒకసారి ఇచ్చారంటే అది చెరగదు, రెండోసారి ఇవ్వరు. ఆదివారం మీరు చెప్పే విశ్వాస ప్రమాణంలో ‘ఒకే జ్ఞానస్నానం’ అన్న మాట ఉంది కదా. ప్రొటెస్టంట్లలో లూథరన్లూ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళూ కూడా పసిబిడ్డలకు ఇస్తారు. మీ అత్తగారి లెక్క వేరు. మనిషి తనకు తానుగా నమ్మి, ఆ నమ్మకాన్ని నోటితో ఒప్పుకుని, ఆ తర్వాతే నీళ్ళలో దిగాలి. అందుకని ఆవిడ దృష్టిలో మీరు మునిగితే అది రెండో బాప్తిస్మం కానే కాదు, మొదటిదే. దీన్ని అత్తగారి సాధింపు అని కొట్టిపారేయకండి. పెద్దయ్యాక నమ్మి తీసుకోవాలి అన్నందుకే 1527లో జ్యూరిక్ నగరంలో ఫెలిక్స్ మాంజ్ అనే అతన్ని లిమ్మట్ నదిలో ముంచి చంపారు. ప్రాణాలు పోయిన మాట అది. నేనూ మీరూ ఉత్తరాల్లో తీర్చే తగవు కాదు.

ఇక మీ ఆయన సంగతి. ఉత్తరమంతా అత్తగారి మీదే రాశారు, ఆయనకు ఒక్క వాక్యం ఇచ్చారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘ఒక్కసారి మునిగితే పోయేదేముంది?’

ఒంగోలు వాళ్ళకు అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కథ కొత్తగా చెప్పక్కర్లేదు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వండయ్యా అని జనం వెంటపడ్డారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం మునుగుతున్నారేమోనని అనుమానం. సాయం పనులు ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసీ వచ్చినవాళ్ళకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి. మీ అత్తగారి సంఘం తలెత్తుకుని చెప్పుకునే రోజు అది. అన్నం కోసం మునగొద్దన్న చోట ఇప్పుడు అత్తగారి కోసం మునగమంటున్నారు! నమ్మకం లేని ముంపు వాళ్ళ సిద్ధాంతం ప్రకారమే వట్టి స్నానం. మీ ఆయన అన్న మాట మీ కంటే ముందు వాళ్ళమ్మ విశ్వాసాన్ని చిన్నబుచ్చింది. ఆవిడ ఆ మాట వినలేదు, అంతే.

ఆయన దుర్మార్గుడని నేననడం లేదు. ఇంట్లో గొడవ వద్దనుకునే మనిషి. కానీ గొడవ లేకుండా ఉండడానికి అయ్యే ఖర్చంతా మీ ఖాతాలో రాస్తున్నాడు. ఇది నాకు నచ్చదు. పెళ్ళాం మొహం చూసి తల్లికి ఒక మాట చెప్పలేని మగవాడు ఏ చర్చికి వెళ్ళినా ఒకటే.

మీ గుళ్ళో పెళ్ళి సంస్కారం ఎవరు ఇస్తారో మీకు ఉపదేశంలో చెప్పే ఉంటారు. గురువుగారు కాదు. ఆయన సంఘం తరఫున సాక్షి. వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. పైగా ఆ రోజు మీ వాళ్ళు మీ ఆయన్ని మళ్ళీ జ్ఞానస్నానం తీసుకొమ్మని అడిగారా? అడగరు. ఆయన ముంపును చెల్లినట్టే ఎంచి పెళ్ళి చేశారు. పిల్లల్ని మీ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని మీరు మాటిచ్చారు. అలా మాటిచ్చారని ఆయనకూ ముందే చెప్పి ఉంటారు, అది మీ గుడి నియమం. అన్నీ తెలిసి తాళి కట్టిన మనిషి ఇప్పుడు అమ్మ కొంగు చాటున ఎందుకు నిలబడ్డాడో ఆయన్నే అడగండి. ఏడవకుండా, బాబు నిద్రపోయాక, తలుపేసుకుని అడగండి.

మీకూ రెండు మాటలు. ‘ఉత్త ద్రాక్షరసమే కదా’ అని రాశారు. ఉత్తదైతే అది దాటిపోయినందుకు ఏడుపెందుకు? మీకు సత్ప్రసాదం సాక్షాత్తూ క్రీస్తు శరీరం. వాళ్ళకు ఆ రొట్టె, ఆ రసం ఆయన్ని జ్ఞాపకం చేసుకునే గుర్తు. గుర్తు అన్నంత మాత్రాన చులకన కాదు, మీ మెడలో తాళి కూడా గుర్తే. మీ గుళ్ళో సత్ప్రసాదం వేళ మీ ఆయన కూడా బెంచీలోనే కూర్చుండిపోతాడు కదా? దానికి ఆయన నాకు ఉత్తరం రాయలేదు. పళ్ళెం దాటిపోవడం రెండు సంఘాల నియమం. దాన్ని అవమానంగా మోయకండి.

అవమానం వంటింట్లో జరుగుతోంది. కొరింథు సంఘంలో ప్రభువు బల్లకు కూడినప్పుడే కలిగినవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళను ఆకలితో కూర్చోబెట్టారని పౌలు తన పత్రికలో అంత కోపంగా రాశాడు, ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. ప్రభువు బల్ల నుంచి ఇంటికొచ్చి కోడల్ని చివర్న ఒంటరిగా తిననిచ్చే ఇంట్లో ఆ అధ్యాయం ఎవరూ చదవలేదా? వచ్చే ఆదివారం గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, మీ కంచం కూడా పెట్టుకుని కూర్చోండి. ఎవరూ మిమ్మల్ని లేపరు. లేపితే అప్పుడు మీ ఆయన నోరు విప్పాలి.

మొదటి ఆదివారం పొద్దున్నే మీరు ఆర్‌సీఎం గుడికి పూజకు వెళ్ళండి. ఆటోలో కాదు, మీ ఆయన్నే బండి మీద దింపమనండి. అత్తగారు వరండాలో కూర్చుని చూస్తారు, చూడనివ్వండి. పాస్టరుగారితో మాట్లాడే పని ఆయనది. మీరు వెళ్ళి వచనాలు అప్పజెప్పక్కర్లేదు.

బాబు విషయంలో దొంగతనం వద్దు. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఒప్పుకున్నా చాలని మీ గుడి చట్టం అంటుంది. నేను ఒప్పుకోను. తండ్రికి తెలియకుండా బిడ్డ నెత్తిన నీళ్ళు పోయిస్తే, రేపు ఆయన మీకు తెలియకుండా ఏం చేసినా మీకు నోరుండదు. మీ సంతకం పక్కన ఆయన సంతకం పడేదాకా ఆగండి. నెలలు పట్టినా సరే. ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి, తెల్లగౌను కుట్టించడం కాస్త ఆపమనండి.