శోధనను సహించాలా, శోధనకు నిలబడాలా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మా చర్చి యువజనుల కూటానికి ఫ్లెక్సీ వేయిస్తున్నాం. దాని మీద యాకోబు పత్రికలోని 'శోధన సహించువాడు ధన్యుడు' అన్న వాక్యం పెట్టాలనుకున్నాం. ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడు అడ్డుపడ్డాడు. "అవినీతిని సహించం, అన్యాయాన్ని సహించం అంటాం. సహించడమంటే చూసీచూడనట్టు ఊరుకోవడమే కదా. టెంప్టేషన్‌ని చూసీచూడనట్టు ఊరుకునేవాడు ధన్యుడెలా అవుతాడు? అయినా కష్టానికి ఓర్పు కావాలి గానీ ఆశకు ఓర్పెందుకు? అక్కడ కావలసింది నిగ్రహం" అంటాడు. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. ఓర్పు, ఓపిక, సహనం, దీర్ఘశాంతం అన్నీ ఒకటేనా? వాక్యం మార్చాలా, ఉంచాలా? – ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడి వాదనను కొట్టిపారేయకండి. అతను చెప్పినదాంట్లో సగం నిజం, రెండో సగం తప్పు. ఆ తప్పు కూడా మంచి చోటే చేశాడు.

ముందు నిజం సంగతి. ఈ రోజు పేపర్లో 'సహించు' ఎక్కడ కనిపించినా వెనకాల ఒక 'కాదు' వేలాడుతుంటుంది. సహించం, సహించేది లేదు, ఉపేక్షించేది లేదు. మంత్రిగారు, ఎస్పీగారు రోజూ వాడి వాడి దాన్ని హెచ్చరికల మాటగా మార్చేశారు. ఎప్పుడూ కాదనే అర్థంలో విని విని, అవుననే అర్థంలో వింటే 'పోనీలే అని వదిలేయడం' అనిపిస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి 'శోధన సహించువాడు' అలా వినిపించిందంటే తప్పు అతనిది కాదు.

మాట పుట్టుక మాత్రం వేరు. సంస్కృతంలో 'సహ్' ధాతువుకు ఎదిరించి నిలవడం, పైచేయి సాధించడం అన్నవి పాత అర్థాలు. వేదభాషలో 'సహస్' అంటే బలం. ఆ సహస్ నుంచే 'సాహసం' వచ్చింది. సహనం, సాహసం ఒకే ఇంటి పిల్లలని చెబితే క్లాసులో పిల్లలెవరూ నమ్మేవారు కాదు. ఒకటి నోరెత్తని బిడ్డ, ఒకటి గోడలు దూకే బిడ్డ అనుకుంటాం. అసలు చూస్తే ఇద్దరిదీ ఒకటే నెత్తురు.

అనువాదకుడికి ఈ అనుమానం ముందే వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. ఎందుకంటే వాక్యం అక్కడితో ఆగలేదు. 'శోధన సహించువాడు ధన్యుడు. అతడు శోధనకు నిలిచినవాడై' అని సాగుతుంది. ఆ 'కు' చూడండి. శోధనను కాదు, శోధనకు. చిన్న విభక్తే గానీ పని పెద్దది. ఎండకు నిలిచే రంగు అంటాం, వానకు నిలిచే కప్పు అంటాం, నీటికి నిలిచే కర్ర అంటాం. ఎండను నిలిచే రంగు అని ఎవరూ అనరు. మీదికి వచ్చి చెడగొట్టాలని చూసేదానికి 'కు' తగిలించి, దాని ముందు చెక్కుచెదరకుండా ఉన్నదానికి 'నిలిచే' అంటాం. గ్రీకు మూలంలో అక్కడున్న మాట లోహాన్ని, నాణేన్ని పరీక్షించి 'ఇది అసలుదే' అని తేల్చేదానికి చెందింది. 'నిలిచినవాడై' అన్న తెలుగు దాన్ని చక్కగా పట్టుకుంది. కంసాలి గీటురాయి మీద నిలిచిన బంగారం లాంటి మాట.

ఇక 'శోధన'. మామూలు తెలుగులో దీనికి టెంప్టేషన్ అన్న అర్థం లేదు. శుధ్ ధాతువుకు శుభ్రం చేయడం అని అర్థం. ఆయుర్వేదంలో మందుల్లో వాడే లోహాలను, విషపు గింజలను శుద్ధి చేసే పనిని నేటికీ శోధనమనే అంటారు. వెతకడం, పరీక్షించడం అన్న అర్థాలు తర్వాతివి. పరిశోధన ఆ దారిలోదే, పోలీసుల సోదా కూడా ఆ కుటుంబంలోదే. మత్తయి సువార్తలో సాతానుకు 'శోధకుడు' అన్న పేరుంది. పీహెచ్‌డీ చేసే మా పిల్లలు అది చదివి తెగ నవ్వుకున్నారు.

గ్రీకులో ఒకే మాట, 'పెయిరాస్మోస్', బయటి నుంచి వచ్చే పరీక్షకూ లోపలి నుంచి లాగే ఆశకూ రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లీషు వాళ్లు చోటును బట్టి ట్రయల్ అనో టెంప్టేషన్ అనో విడగొట్టుకున్నారు. మన పాత అనువాదం విడగొట్టకుండా శోధన అనే ఉంచింది. యాకోబు మొదటి అధ్యాయంలో 'నానా విధములైన శోధనలలో పడునప్పుడు' అన్నచోట అవి కష్టాలు. పది వాక్యాలు దాటాక, 'తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును' అన్నచోట అదే మాట ప్రలోభం. ('మరులు కొల్పబడి' అన్న ఆ పలుకుబడి ఎంత అందంగా ఉందో చూడండి. ఇప్పుడైతే 'టెంప్ట్ అయ్యి' అనేస్తాం.) రెంటికీ ఒకే మాట ఉంచడం నష్టమని కొందరంటారు. నాకు లాభమనే అనిపిస్తుంది. చర్చిలో 'మా ఇంట్లో చాలా శోధనలండీ' అని ఒకావిడ అంటే జబ్బూ అప్పూ అని మనకు అర్థమవుతుంది. కానీ ఆ అప్పు తీర్చడానికి తప్పుదారి పట్టాలనిపించే క్షణం కూడా ఆ మాటలోనే ఉంది. జీవితంలో అవి రెండూ కలిసే వస్తాయి కదా.

చిక్కు లేకపోలేదు. అదే అధ్యాయంలో దేవుడు 'ఎవనిని శోధింపడు' అని ఉంది. మరి కొడుకును బలి ఇమ్మని దేవుడు అబ్రాహాముకు పరీక్ష పెట్టిన ఆదికాండం 22లో? అక్కడ అనువాదకుడు 'దేవుడు అబ్రాహామును పరిశోధించెను' అని ఒక 'పరి' చేర్చి తప్పించుకున్నాడు. బాగానే ఉంది. తీరా హెబ్రీ పత్రికకు వచ్చేసరికి 'అబ్రాహాము శోధింపబడి' అనే ఉంది. ఒకచోట కట్టిన గట్టు ఇంకోచోట తెగిందన్నమాట. అంత పెద్ద గ్రంథంలో అలాంటివి తప్పవు.

ఇప్పుడు మీ తమ్ముడు పొరబడిన చోటు. ఆశకు ఓర్పెందుకు, నిగ్రహం చాలదా అన్నాడు. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఓర్చుకుంటున్నది దేన్ని? ఆశను కాదు. ఆశ తీరకపోవడాన్ని. ఎదుట ఉన్నది తీసుకోకపోతే కడుపులో మిగిలే ఆకలి ఉంది చూశారా, దాన్ని. చేయి చాపకుండా ఆపేది నిగ్రహం. అది ఒక్క క్షణం పని. ఆపిన చేయి సాయంత్రం దాకా, రేపటి దాకా అలాగే ఉండాలంటే ఓర్పు కావాలి. బైబిల్లోనే రెండో పేతురు పత్రిక 'ఆశానిగ్రహమునందు సహనమును' అమర్చుకొమ్మంటుంది. అంటే ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు, మొదటిదాని పక్కన రెండోది ఉండాలని.

ఆదికాండంలోని ఏశావు కథ తీసుకోండి. పొలం నుంచి అలిసిపోయి వచ్చాడు. తమ్ముడు యాకోబు (పత్రిక రాసిన యాకోబు కాదు, ఇతను వేరు) ఏదో వండుతున్నాడు. 'ఎఱ్ఱయెఱ్ఱగా' ఉన్న ఆ వంటకం కోసం జ్యేష్ఠత్వాన్నే, అంటే పెద్దకొడుకు హక్కునే, అమ్మేశాడు. మన తెలుగు బైబిల్లో దాన్ని 'చిక్కుడుకాయల వంటకము' అన్నారు. చిక్కుడుకాయ కూర ఎర్రగా ఉండటమేమిటని చిన్నప్పుడు నాకు పెద్ద సందేహం. హెబ్రీ మూలంలో ఉన్నది మసూర్ పప్పు లాంటి పప్పు. అది గుర్తొచ్చినా రాకపోయినా, ఏశావు అన్నమాట వినండి: నేను చావబోతున్నాను, జ్యేష్ఠత్వం నాకెందుకు? చావబోవడం లేదు, ఆకలేసింది, అంతే. తెలుగులో అతని సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఓపిక లేదు.

ఆ ఓపిక అన్నమాట మనకు దొరికిన వరం. జ్వరం తగ్గింది గానీ ఓపిక రాలేదంటాం, అక్కడ ఓపిక అంటే ఒంట్లో శక్తి. కాస్త ఓపిక పట్టు నాయనా అంటాం, అక్కడ తాళుకోవడం. మూలం 'ఓపు', అంటే చేయగలగడం, భరించగలగడం. ఓపినంత పెట్టు, ఓపలేని బాధ అంటాం కదా, అదే. ఒంట్లో ఓపిక లేనప్పుడు మనసులో ఓపిక కూడా ఉండదని మన పూర్వులు కనిపెట్టే రెండింటికీ ఒకే మాట పెట్టారేమో. శోధకుడికి ఇది బాగా తెలుసు. నలభై పగళ్లు, నలభై రాత్రులు ఉపవాసమయ్యాక, యేసుకు ఆకలేసినప్పుడే వచ్చి రాళ్లను రొట్టెలు చేసుకోమన్నాడు. రొట్టె తినడంలో తప్పేముంది? అతను లాగింది రొట్టె వైపు కాదు, తొందర వైపు.

మిగతా మాటలు. ఓర్పు అచ్చ తెలుగు. ఓర్చు నుంచి ఓర్పు, నేర్చు నుంచి నేర్పు. అందుకే ఓర్పూ నేర్పూ అని జంటగా అంటాం. ఒక వింత ఏమిటంటే, దీన్ని తిరగేస్తే కోపం రాదు, అసూయ వస్తుంది. ఓర్వలేనితనం అంటే ఎదుటివాడి బాగు చూడలేకపోవడం. 'ఓర్చినమ్మకు తేటనీరు' అన్న సామెత మీరు వినే ఉంటారు. గోదావరికి కొత్తనీరు వచ్చే రోజుల్లో బిందెలో నీళ్లు ఎర్రటి బురద. మా అమ్మమ్మ బిందె లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి, మూత పెట్టి, 'ఇక దాన్ని కదపకండి' అనేది. మేం దాహమని గ్లాసు ముంచితే మట్టి మళ్లీ పైకి లేచేది. ఆవిడ ఊరికే కూర్చోలేదు, గింజ అరగదీసింది. ఆ తర్వాత కదపకుండా ఆగింది. ఓర్పు అన్నమాటకు నాకు తెలిసిన అర్థం ఆ బిందె దగ్గర నేర్చుకున్నదే.

దీర్ఘశాంతం చర్చి గోడలు దాటి బయటికి రాని మాట. గ్రీకులో 'మక్రోథూమియా', అంటే దీర్ఘమైన మనసు. దానికి అచ్చు గుద్దినట్టు కట్టిన సమాసమిది. హెబ్రీలో అయితే ఇంకా సరదాగా ఉంటుంది. నిర్గమకాండంలో దేవుణ్ణి దీర్ఘశాంతుడన్నచోట మూలంలో ఉన్నది 'ముక్కు పొడవైన' అనే. వాళ్లకు కోపానికీ ముక్కుకూ ఒకే మాట. ముక్కు పొడవైతే కోపం రావడానికి ఆలస్యమవుతుంది. ముక్కు మీద కోపం అనే మనకు ఇది వివరించనక్కర్లేదు. అంచేత దీర్ఘశాంతం మనుషుల మీద చూపేది, ఓర్పు పరిస్థితి ఎదుట చూపేది అని చాలామంది పండితులు విడదీస్తారు. మోటుగా చూస్తే సరే. కానీ పత్రిక రాసిన యాకోబే ఐదో అధ్యాయంలో ఆ గీత చెరిపేశాడు. వ్యవసాయకుడు 'తొలకరి వర్షమును కడవరి వర్షమును' అందే వరకు ఓపికతో కాచుకుంటాడన్నచోట మూలంలో ఉన్నది ఈ దీర్ఘశాంతపు మాటే. వాన మనిషి కాదు కదా. (ఆ తొలకరి మన మృగశిరది కాదు. పాలస్తీనాలో విత్తనాలకు వాన అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. కోతకు ముందు కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లలో.) అదే వాక్యంలో 'దానికొరకు కనిపెట్టును' అని ఉంది. బయటివాళ్లకు కనిపెట్టడమంటే న్యూటన్ చేసిన పని. చర్చిలో మాత్రం ఎదురుచూస్తూ ఉండటం. పాత తెలుగు అర్థాన్ని దాచిపెట్టినందుకు విశ్వాసులకు మనం రుణపడ్డాం.

ఇక సహనం. బైబిల్లో ఓర్పు అన్నచోట మూలంలో ఉన్న గ్రీకు మాట 'హుపొమొనే', అంటే బరువు కింద నుంచి తప్పుకోకుండా నిలిచి ఉండటం. ఆ ఒక్కదాన్నే మనవాళ్లు ఒకచోట ఓర్పు అన్నారు, ఒకచోట సహనం, హెబ్రీ పత్రికలో ఓసారి ఓరిమి, ఇంకోసారి 'ఓపికతో పరుగెత్తుదము' అని ఓపిక. కాబట్టి ఈ నాలుగింటి మధ్య వేదాంతపు తేడాలు వెతికి ప్రసంగాలు కట్టకండి. 'యోబు సహనం' కూడా హుపొమొనేనే. అన్నీ పోగొట్టుకున్న ఆ యోబు నోరు మూసుకుని పడుండలేదు. పుట్టిన రోజును తిట్టుకున్నాడు, దేవుడితో వాదించాడు, స్నేహితుల్ని దులిపేశాడు. దేవుణ్ణి విడిచి వెళ్లిపోలేదు, అంతే. పోతన భాగవతంలో పరశురాముడికి తండ్రి 'క్షమ కలిగిన సిరి గలుగును' అని చెప్పినప్పుడు ఆ క్షమ కూడా ఓర్పే. చర్చి తెలుగులో అది మన్నింపుకు పరిమితమైపోయింది. అది వేరే సందేహం, ఇంకోసారి రాయండి.

ఫ్లెక్సీ మీద వాక్యం మార్చకండి. లేఖనాన్ని లేఖనంలాగే ఉంచండి, కానీ సగంలో కోయవద్దు. 'అతడు శోధనకు నిలిచినవాడై' దాకా పెట్టండి, మీ తమ్ముడికి జవాబు అందులోనే ఉంది. కింద మీ సొంత మాటల్లో ఏమైనా రాసుకుంటే 'శోధనను సహిద్దాం' అనవద్దు, 'శోధనకు నిలబడదాం' అనండి. ప్రింటుకు పంపే ముందు ప్రూఫ్ మాత్రం మీరే చూసుకోండి. 'ధ'కు ఒత్తు పోయి 'శోదన' అని వేసిన ఫ్లెక్సీలు ఈ ఏడాది నేనే మూడు చూశాను.