ఇనుప పని వైస్ చెక్కకు పనికొస్తుందా?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాం. ఇంట్లో చిన్నచిన్న చెక్కపనుల కోసం నాలుగడుగుల బల్ల చేయించాను. మా నాన్నగారి పాత ఫిట్టర్ వైస్ (ఇనుప ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా బిగించే పనిముట్టు) ఉంది. దాన్నే బిగించమంటారా, కొత్తది కొనాలా?

జవాబు: నాన్నగారి వైస్‌ను ఇనుప పనికే ఉంచుకోండి. దాని దవడలకు గరుకు పళ్లుంటాయి, అవి టేకును కూడా కొరికేస్తాయి. పని నేర్చుకునే రోజుల్లో నేనొక పూజగది తలుపు చట్రాన్ని అలాంటి దాంట్లోనే బిగించాను. విప్పి చూస్తే వరసగా పళ్ల గాట్లు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె పెడితే నొక్కుకుపోయిన చోట లేచింది కానీ, తెగిన పీచు మళ్లీ అతకలేదు. ఆ చట్రాన్ని ఇంటివాళ్లకు ఇచ్చేటప్పుడు తలెత్తి మాట్లాడలేకపోయాను.

సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లి కార్పెంటర్ వైస్ అని అడగండి. మీ బల్లకు 7 అంగుళాల దవడ చాలు. కొట్లోనే దవడ పూర్తిగా తెరిచి, ముందు భాగాన్ని పట్టుకుని ఊపి చూడండి. కాస్త కదలిక మామూలే, గలగలలాడితే మాత్రం వద్దు. మెల్లగా మూస్తే దవడల పైఅంచులు ముందుగా కలవాలి.

కుడిచేతి వాటమైతే బల్ల ముందువైపు, ఎడమ చివర కాలికి దగ్గరగా బిగించండి. రెండు దవడలకూ చెక్క పలకలు తొడిగించండి. లోపలి పలక ముఖం బల్ల అంచుతో సరిసమానంగా ఉండాలి. అప్పుడే పొడవాటి చెక్క అంచు పొడవునా ఆనుకుని, చిత్రిక పట్టేటప్పుడు ఊగదు. దవడ ఇనుము మాత్రం బల్ల పైభాగం కంటే అర అంగుళం కిందే ఉండాలి, లేకపోతే చిత్రిక బ్లేడు దానికి తగిలి దెబ్బతింటుంది.

ఎక్కువమంది ఇబ్బంది పడేది చెక్కను నిలబెట్టి కోసేటప్పుడు. దవడల మధ్యలో పిడితో తిరిగే మర, దాని పక్కన దవడను నడిపే కడ్డీలు అడ్డం కాబట్టి చెక్కను ఒక పక్కనే పెట్టాలి. అలా పెడితే దవడ వంకర తిరుగుతుంది, చెక్క జారుతుంది. దాంతో పిడిని ఇంకా బలంగా తిప్పుతారు, మర పాడవుతుంది. రెండో పక్క అంతే మందం ముక్క పెట్టండి. దవడ తిన్నగా మూసుకుంటుంది, పిడి రెండు వేళ్లతో తిప్పినా పట్టు దొరుకుతుంది. నేను 6, 12, 18 మిల్లీమీటర్ల ముక్కలకు బెజ్జాలు పెట్టి, దారం కట్టి, వైస్ పక్కనే మేకుకు తగిలించుకున్నాను.