బెంగళూరులో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్, బన్నులు తినేలా ఉంటాయా?

మీ పాపకి సీలియాక్ (గోధుమ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) అని తేలింది, స్కూల్ బాక్సులోకి బ్రెడ్ ఏది కొనాలి అని అడిగారు కదండీ. మేం మారతహళ్లిలో ఉంటాం, మా వాడికి రెండో క్లాసులో తేలింది, అప్పట్నుంచి షాపుల్లో, ఆన్‌లైన్లో కనపడ్డ ప్యాకెట్టల్లా కొని చూశాం కాబట్టి చెప్తున్నా.

మొదటి ప్యాకెట్ వాడే ఆశగా విప్పాడు, చూస్తే స్లైసు నా అరచేతిలో సగం, మధ్యలో బొక్క, వెన్న రాద్దామని కత్తి పెడితే పొడి పొడిగా రాలిపోయింది, ఒక ముక్క నమిలి నీళ్లు అడిగాడు పాపం. అసలు చపాతీ పిండి సాగేదే గ్లూటెన్ వల్ల, అది లేకపోతే బియ్యప్పిండి, కర్రపెండలం పిండి పట్టుకుని ఉండటానికి ఇంకేదో కావాలి. అందుకే ఇప్పుడు ముందు ప్యాకెట్ వెనక చదువుతా, సైలియం హస్క్ (మన ఇసబ్‌గోల్ పొట్టే) గానీ గుడ్డు గానీ ఉన్నవి మాకు కాస్త మెత్తగా దొరికాయి. రేటు మాత్రం మామూలు బ్రెడ్‌కి నాలుగైదు రెట్లు, అడక్కండి.

ఏది కొన్నా టోస్ట్ చేయకుండా తినొద్దు. ఇంటికి రాగానే స్లైసుల మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్లో పడేయండి, కింద ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది, పొద్దున్నే తీసి నేరుగా టోస్ట్ చేసి బాక్సులో పెట్టేయడమే.

బన్నులు మాత్రం నాకు నచ్చలేదు. పైన నువ్వులేసి చూడ్డానికి బానే ఉంటాయి, బర్గర్ చేస్తే రెండో కొరుక్కే కింది సగం సాసుకి నానిపోయి చేతిలోకొచ్చేస్తుంది. మేం రెండుగా కోసి పెనం మీద కాల్చి, పైన చీజ్, కూర వేసి ప్లేటులో ఇస్తున్నాం.

ఇంకోటి, రాగి బ్రెడ్, మల్టీగ్రెయిన్ అని చూసి మోసపోకండి. మా వీధి చివర బేకరీ అతను "ప్యూర్ రాగి సార్" అన్నాడు, కవర్ తిప్పితే మొదటి పేరే మైదా. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే రూల్ ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ మాట ప్యాకెట్ మీద ఉంటేనే కొంటాం. ఇక్కడి హోటళ్లలో రవ్వ ఇడ్లీ కూడా మన బియ్యపు రవ్వ ఇడ్లీ అనుకునేరు, అది బొంబాయి రవ్వ, అంటే గోధుమే. ఇంగువ డబ్బా కూడా చూసుకోండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

టోస్టర్ వేరేది పెట్టుకోండి, మామూలు బ్రెడ్ పొడి అంటుకున్నా గ్లూటెనే కదా. మా అత్తగారు ఒకసారి తెలీక మామూలు బ్రెడ్‌ని మా వాడి టోస్టర్లో వేసేశారు, ఆ రోజే దాన్ని మాకు వదిలేసి వాడికి కొత్తది కొన్నాం, హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి మరీ.