ఆగస్టు 29న బడి అసెంబ్లీలో ఏం చదివించాలి?

ఆగస్టు 29న ‘చరిత్రలో ఈ రోజు’ చదివే వంతు మీ తరగతిది కాబట్టి ఏవి ఎంచుకోవాలి, తేదీలెలా సరిచూడాలి అని అడిగారు. రెండు నిమిషాలకు నాలుగు అంశాలు చాలు. పదిహేను ఏకరువు పెడితే ఎండలో నిలబడ్డ పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు.

మొదట గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మన తెలుగు భాషా దినోత్సవం ఆ పుట్టినరోజునే. వ్యావహారిక భాష సంగతి అందరూ చెబుతారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారని కూడా చేర్చండి. ‘జన్మించిరి, కృషి సల్పిరి’ అని మాత్రం రాయకండి. ఆయన పోట్లాడిందే ఆ గ్రాంథిక రాతతో!

తర్వాత ధ్యాన్‌చంద్, 1905. జాతీయ క్రీడా దినోత్సవం అందుకే. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకాలు. బెర్లిన్ ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించింది 1936 ఆగస్టు 15న.

మూడోది 1831లో లండన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే చేసిన ప్రయోగం. ఇనుప కడియానికి చెరో వైపు రాగితీగ చుట్టాడు. ఒక చుట్ట బ్యాటరీకి. రెండో చుట్ట తీగ మూడడుగుల దూరంలో ఉన్న అయస్కాంత సూది మీదుగా పోతుంది. బ్యాటరీ కలపగానే సూది ఊగి, మళ్లీ మొదటి చోటికే వచ్చి ఆగింది. తీసేయగానే ఇంకోసారి ఊగింది. మధ్యలో కరెంటు పారుతున్నంతసేపూ కదల్లేదు. ‘ఒక తీగలో పంపితే రెండోదాంట్లోకి కరెంటొచ్చింది’ అని పిల్లలు కుదించేస్తారు, అది తప్పు. మొదటి తీగలో కరెంటు మారుతున్నప్పుడే రెండోదాంట్లో పుడుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నడిచేదీ ఈ సూత్రం మీదే.

నాలుగోది ఇప్పటి కజకిస్తాన్‌లోని సెమీపలాటిన్‌స్క్. 1949లో సోవియట్ తొలి అణుబాంబు పరీక్ష అక్కడే. 1991లో ఆ పరీక్షా స్థలాన్ని మూసేసిందీ ఇదే తేదీన.

ఇక పొరపాట్లు. బెంగాలీ కవి నజ్రుల్ ఇస్లాం పేరు ఈ తేదీన కనిపిస్తే అది వర్ధంతి (1976), జయంతి కాదు. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1632 ఆగస్టు 29న పుట్టాడంటే అది అప్పటి ఇంగ్లండ్ పాత క్యాలెండర్ లెక్క. ఇప్పటి లెక్కలో పది రోజులు కలపాలి, సెప్టెంబర్ 8. రెండు సైట్లలో వాక్యం మక్కీకి మక్కీ ఒకటే అయితే దాన్ని ఒక్క ఆధారంగానే లెక్కేయండి.

చదివే కాగితం మీద సంవత్సరాలు అక్షరాల్లో రాసివ్వండి. మైకు ముందు 1863 అంకెల్లో కనబడితే సగం మంది తడబడతారు.